టచింగ్

కుర్చీ వెనక్కి వాల్చి
కంటి కింద బొటనవేలితో నొక్కి చూసింది డాక్టర్ హిమజ.
"ఇక్కడ కొవ్వు కరిగిపోయింది పీరా గారూ,
ఎముక అంచు తెలుస్తోంది."

ఆ గుంట నాకు కొత్తది కాదు.
ముప్పై నాలుగేండ్లు
కర్నూలుకంతా దాన్ని పూడ్చినోన్ని నేను.
మొదట్లో నెగెటివ్ మీద,
సూదిలా చెక్కిన పెన్సిలుతో, ఊపిరి బిగబట్టి.
నెగెటివులో నీడ తెల్లగుంటుంది,
దాని మీద నల్లగా గీస్తే ప్రింటులో వెలుగైతుంది.
ఈ తిరకాసు తెలిసినోళ్లం వన్‌టౌన్‌లో ముగ్గురమే.
తర్వాత కంప్యూటరొచ్చింది. మౌసుతో రెండు రుద్దులు.
హాల్‌టికెట్ పిల్లలకు, పెండ్లిచూపుల ఫొటోలకు,
ఓడిపోయిన కౌన్సిలర్లకు
తలా ఒక రాత్రి నిద్ర దానం చేసినా.
ఆ నిద్రంతా యాడనుంచి తెచ్చినానో
ఇప్పుడు అద్దం చెప్తాంది.
షాపుకొచ్చినోళ్లు "ఒంట్లో బాలేదా" అని అడిగి
ఫొటో దిగకుండానే పోతాండారు.

ఆమె నిదానంగా చెప్పింది.
జెల్ పెడితే ఇప్పుడే నిండుతుంది,
ఏడాదికో ఏడాదిన్నరకో తగ్గుతుంది,
మీ పలచటి చర్మం కింద నీలంగా కనబడినా కనబడొచ్చు.
లేదంటే మీ రక్తమే తీసి, గిర్రున తిప్పి,
పైన తేరిన పసుపునీటిని మళ్లీ మీకే ఎక్కిస్తాం.
నెలకోసారి, మూడు నెలలు.
చర్మం కాస్త తేరుకుంటుంది, గుంట పూర్తిగా నిండదు.
పొట్టలోని కొవ్వు తీసి, వడగట్టి, అక్కడ నాటడం ఇంకొకటి.
కొంత బతుకుతుంది, కొంత పోతుంది.

నాటడం అన్న మాట నచ్చింది.
మిరపనారు గురించి మా మామ అట్లే చెప్పేవాడు.

ట్యాబులో ఫొటోలు చూపించింది. ముందు, తర్వాత.
"మేడం, ముందు దాంట్లో లైటు నడినెత్తిన ఉంది.
తర్వాత దాంట్లో మొగానికి ఎదురుగా,
కిందనుంచి తెల్ల అట్ట కూడా పట్టినారు.
ఈ గుంటను పూడ్చింది అట్ట, సూది కాదు."
ఆమె నవ్వలేదు.
దగ్గరికి తీసుకొని చాలాసేపు చూసింది.
"కంపెనీవాళ్లు పంపినవి."
జరిపి, జరిపి, తను తీసిన జత ఒకటి పట్టుకుంది.
అదే కిటికీ, అదే పూట, ఎవరో టీచరమ్మ.
గుంట ఉంది. అంచు మెత్తబడింది,
రాత్రంతా ఏడ్చి పొద్దున మొగం కడుక్కున్నట్టు.
"దీన్ని నమ్మొచ్చు," అన్నా.

వరదొచ్చిన ఏడు
బురదలో నానిన ఆల్బమ్‌లు
గోనెసంచుల్లో మోసుకొచ్చేవాళ్లు షాపుకు.
మద్దిలేటి తెచ్చింది ఒకటే ఫొటో, వాళ్లమ్మ సుంకులమ్మది.
సగం చెంప లేచిపోయింది, కండ్లు మిగిలినాయి.
చెంప కట్టినా. అలవాటు కొద్దీ
కండ్ల కింద కూడా శుభ్రం చేసి, ఫ్రేమేసి ఇచ్చినా.
వాడు చూసి, చూసి,
"మాయమ్మ కాదన్నా ఈమె.
మాయమ్మ తెల్లారుజామున మూడుకు లేసి
దోసెల పిండి రుబ్బేది.
ఆ మూడు గంటలు యాడబాయె?"

ఆ రాత్రి మొదటిసారి
తీసేసిన నీడను తిరిగి పెట్టినా.
తీసేదానికన్నా కష్టం.
రవ్వంత ఎక్కువైతే జబ్బు, తక్కువైతే అబద్ధం.
మరుసటి పొద్దున వాడు ఏమీ అనలేదు.
తువ్వాలలో చుట్టుకొని, చంకలో పెట్టుకొని పోయినాడు.

"ఏం చేద్దాం పీరా గారూ?"
"రక్తందే చేయండి. పూర్తిగా నిండదన్నారు కదా."
ఆమెకు అర్థమైందో లేదో.
ముందు నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి
ఫొటో తీయమన్నా. నెత్తి మీద లైటు ఆర్పించినా.

గొట్టంలోకి ఎర్రగా ఎక్కింది.
మూలన మిషను తిరిగి, తిరిగి, ఆగింది.
ఆ గొట్టం అడిగి తీసుకొని
వెలుగుకు పట్టి చూసినా, నెగెటివు పట్టినట్టే.
కింద ఎరుపు. పైన పలచని పసుపు,
ఎండాకాలం హంద్రీ ఇసుకలో చెలిమ తోడితే
మొదట ఊరే నీళ్లంత.

"గడ్డం కొంచెం పైకి. కదలొద్దు," అంది.
నా మాటలే.
రెప్ప కొట్టకుండా ఉన్నా.